యూనిటీ మళ్లీ మాటిచ్చింది. నమ్మొచ్చా?

నమస్తే అండీ. ఇవాళ యూనిటీ సంగతి. మీ ఫోన్‌లో ఆడే గేముల్లో చాలావాటికి ఇంజిన్, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, అదే.

2023 సెప్టెంబర్ 12న వీళ్లు రన్‌టైమ్ ఫీజు అని ఒకటి ప్రకటించారు. మీ గేమ్‌ని ఎవరైనా ఇన్‌స్టాల్ చేసుకుంటే చాలు, మాకు డబ్బు కట్టాలి అని. చిన్న ప్లాన్ వాళ్లకైతే ఇన్‌స్టాల్‌కి 20 సెంట్లు, అంటే అప్పటి లెక్కలో 16 రూపాయల పైమాటే. ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయం, మొత్తం 2 లక్షల ఇన్‌స్టాల్స్, రెండూ దాటినవాళ్లకే అన్నారు లెండి. కానీ యాడ్స్ మీద నడిచే ఫ్రీ గేమ్ ఉందనుకోండి. మనిషికి పట్టుమని పది రూపాయలు రావు. గేమ్ ఎంత హిట్టయితే అంత మునగడమే!

పైగా ఎప్పుడో రిలీజైన పాత గేములకి కూడా 2024 జనవరి 1 నుంచి వచ్చే ఇన్‌స్టాల్స్‌కి ఇదే లెక్క. ఇల్లు కట్టి గృహప్రవేశం అయ్యాక సిమెంటు కొట్టాయన వచ్చి, మీ ఇంటికొచ్చే చుట్టానికి ఇంత చొప్పున ఇవ్వండి అంటే ఎలా ఉంటుంది? అలా ఉంది.

టెర్రేరియా అనే గేమ్ చేసిన రీలాజిక్ వాళ్లకి ఒళ్లు మండి, ఉచితంగా దొరికే గోడో ఇంజిన్‌కి లక్ష డాలర్లు విరాళం ఇచ్చేశారు. పది రోజుల్లో యూనిటీ క్షమాపణ చెప్పి ఫీజు కొంత సడలించింది. అక్టోబర్‌లో సీఈఓ జాన్ రిక్కిటెల్లో వెళ్లిపోయారు. సరిగ్గా ఏడాదికి, 2024 సెప్టెంబర్ 12న, కొత్త సీఈఓ మ్యాట్ బ్రోంబెర్గ్ గేములకి ఆ ఫీజే ఎత్తేశారు.

అదే రోజు ప్రో ప్లాన్ ధర 8 శాతం, ఎంటర్‌ప్రైజ్ ప్లాన్ ధర 25 శాతం పెంచుతామని కూడా చెప్పారు. దానికి మాత్రం అప్పటంత రచ్చ జరగలేదు. ధర పెరిగితే తిట్టుకుంటాం, లెక్కేసుకుంటాం, కడతాం. అలవాటేగా.

నాకు తేడాగా అనిపించింది ఇంకోటి. బ్రోంబెర్గ్ ఒక హామీ ఇచ్చారు: షరతులు మారినా, మీరు వాడే వెర్షన్‌లోనే ఉంటే పాత షరతులే మీకు చెల్లుతాయని. బాగుంది కదా? 2019లో కూడా యూనిటీ అచ్చం ఇదే చెప్పింది! ఆ మాట ఇచ్చాక కూడా 2023లో రన్‌టైమ్ ఫీజు వచ్చింది. ఈయన మంచాయనే కావచ్చు. రేపు ఈయన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే?

స్లే ద స్పైర్ అనే గేమ్ చేసిన మెగా క్రిట్ వాళ్లు, 2023లో ఆ ఫీజు ప్రకటించేసరికి రెండేళ్లకు పైగా యూనిటీలో కొత్త గేమ్ మీద పనిచేస్తున్నారు. ఫీజు పూర్తిగా తీసేయకపోతే పోతాం అన్నారు, అన్నట్టే పోయారు. 2024 ఏప్రిల్‌లో స్లే ద స్పైర్ 2 ప్రకటించేసరికి అది గోడోలో ఉంది. యూనిటీ ఫీజు ఎత్తేసింది దానికి ఐదు నెలల తర్వాత.