మెయిల్ తాళం సిమ్ కార్డుకి వేలాడదీయొద్దు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: హనుమకొండ నుంచి కాల్. నమస్కారం, చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండి. నేను రిటైర్డ్ టీచర్ని. వచ్చే నెల మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్తున్నాం. పోయినసారి అక్కడ మెయిల్ తెరుద్దామంటే కోడ్ ఇక్కడి నంబరుకే పంపింది. సిమ్ ఏమో అక్కడ పని చేయలేదు. ఉన్నన్నాళ్లూ మెయిల్ లేదు.

నిపుణుడు: రీచార్జి చేయించే వెళ్లారా?

శ్రోత: లేదండి. వాడని సిమ్‌కి దండగ అనుకున్నాను.

నిపుణుడు: అసలు ప్రమాదం అక్కడే ఉంది సార్. చాలాకాలం రీచార్జి లేకుండా వదిలేస్తే నంబరు తీసేస్తారు. తీసేసిన నంబరుని కనీసం 90 రోజులు ఆగి వేరేవాళ్లకి ఇవ్వొచ్చు. అప్పుడు మీ మెయిల్ కోడ్ ముక్కూమొహం తెలియని మనిషి ఫోనుకి వెళ్తుంది. మన పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకుని కోడ్‌లు కొట్టేసే దొంగలు సరేసరి.

శ్రోత: మరి ఏం చేయమంటారు?

నిపుణుడు: ఆథెంటికేటర్ యాప్ వేసుకోండి. మెయిల్ సెట్టింగుల్లో టూ-స్టెప్ వెరిఫికేషన్ దగ్గర ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. దాన్ని ఒక్కసారి స్కాన్ చేస్తే చాలు. ఆపైన 30 సెకన్లకోసారి కొత్త ఆరంకెల కోడ్ ఫోనులోనే తయారవుతుంది. సిమ్ అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు. ఫోనులో టైము మాత్రం సరిగ్గా ఉండాలి, లేకపోతే కోడ్ తప్పంటుంది.

వ్యాఖ్యాత: ఆ కోడ్ కూడా ఎవరైనా ఫోన్ చేసి అడిగితే చెప్పేస్తాం కదండీ?

నిపుణుడు: చెప్పేస్తాం! నకిలీ సైటులో కొట్టేస్తాం కూడా. అందుకే నేను పాస్‌వర్డు, కోడ్‌లకి బదులు వాడే పాస్‌కీ వైపు మొగ్గుతాను. అందులో చెప్పడానికి అంకెలే ఉండవు. ఫోన్ లాక్ ఎలా తీస్తారో అలాగే, వేలిముద్రతోనో పిన్‌తోనో తెరుస్తారు. వేలిముద్ర ఫోన్ దాటి బయటికి పోదు. పైగా ఆ పాస్‌కీ అసలు సైటు చిరునామాతో ముడిపడి ఉంటుంది. అచ్చం అలాగే కనిపించే దొంగ సైటు చూసి మనం మోసపోతామేమో గానీ, పాస్‌కీ దానికి పలకదు.

శ్రోత: ఫోనే పోతే?

నిపుణుడు: మంచి ప్రశ్న. చాలామంది ఇరుక్కునేది అక్కడే. గూగుల్ అయితే ఫోన్ లేనప్పుడు వాడుకోవడానికి పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటీ ఒక్కసారే పని చేస్తుంది. కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు కాకుండా వేరే సంచిలో పెట్టుకోండి. మీ శ్రీమతిగారి ఫోనులో కూడా ఒక పాస్‌కీ పెట్టండి. ఇవన్నీ ఇక్కడున్నప్పుడే పనిచేస్తున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే ఎస్సెమ్మెస్‌లో కోడ్ వచ్చే పద్ధతి తీసేయండి. ముందే తీసేస్తే మళ్లీ మీ అమ్మాయింట్లో పాత కథే.

శ్రోత: బ్యాంకుకి కూడా ఇలాగే చేయొచ్చా?

నిపుణుడు: అది బ్యాంకు ఇచ్చే వీలును బట్టి ఉంటుంది. ఓటీపీ కాకుండా వేరే పద్ధతులూ వాడుకునేలా ఆర్బీఐ 2025లో ఆదేశాలిచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఓటీపీని రద్దు మాత్రం చేయలేదు. కాబట్టి సిమ్ బతికుండాలి, రీచార్జి తప్పదు. ముందు మెయిల్ సంగతి చూడండి. మిగతా ఖాతాల పాస్‌వర్డులు మార్చుకునే లింకులన్నీ వచ్చిపడేది అందులోకే కదా.

వ్యాఖ్యాత: అనకాపల్లి నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

శ్రోత: మా ఆయనకి పొద్దున వాట్సాప్‌లో చలానా అని ఒక ఫైల్ వచ్చిందండి. నొక్కితే ఏదో యాప్ పడింది. మెసేజ్‌లు చూడొచ్చా అని అడిగితే సరే అన్నారట. తర్వాత ఆ యాప్ కనిపించడం లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, ఏం కాదు కదండీ?

నిపుణుడు: చెప్పక్కర్లేదమ్మా, వచ్చిన ఓటీపీని ఆ యాపే చదివి దొంగకి పంపేస్తుంది. డబ్బులేమైనా పోయాయా?

శ్రోత: ఇంకా చూడలేదండి.

నిపుణుడు: మీరు ఏ ఫోన్లోంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: నాదేనండి. ఆయన ఫోన్ ఆయన దగ్గరే ఉంది, షాపులో.

నిపుణుడు: అయితే లైన్ పెట్టేసి ఆయనకి ఫోన్ చేయండి. వైఫై, డేటా ఆపి ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టమనండి. మీ ఫోను నుంచే బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి. రూపాయి పోయినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పాస్‌వర్డులు మార్చడం కూడా మీ ఫోనులోనే, ఆయన ఫోనులో వద్దు. ఫోన్ రీసెట్ సంగతి మళ్లీ కాల్ చేస్తే చెబుతాను, ముందు ఇది చూడండి.

శ్రోత: అలాగేనండి, ఉంటానండి.