డబ్బాలోంచి జారిన సంప్రదాయం: థాంక్స్‌గివింగ్ బల్ల మీది వంటలు

[దృశ్యం: వంటగది గట్టు. తెల్లటి పింగాణీ పళ్లెం, దాని మీద బోర్లించిన రేకు డబ్బా. ఐదు సెకన్లు మాటలు లేవు. డబ్బాను మెల్లగా పైకి లాగుతుంటే ఎర్రటి ముద్ద జుర్రుమంటూ జారి పళ్లెంలో నిలబడుతుంది.]

ఈ చప్పుడు విన్నారా? నవంబరు నాలుగో గురువారం నాడు, థాంక్స్‌గివింగ్ పండగకు, అమెరికాలో ఎన్నో ఇళ్లలో వినిపించే చప్పుడు ఇది. ఈ ఎర్రటి ముద్ద పేరు క్రాన్‌బెర్రీ సాస్, క్రాన్‌బెర్రీ అనే చిన్న ఎర్రటి పండుతో చేసేది. పేరుకు సాసే గానీ గరిటెతో పోసేది కాదు, జున్నులా చాకుతో కోసుకోవాలి. కాస్త దగ్గరగా చూడండి. డబ్బా చుట్టూ ఉండే గీతలు దీని ఒంటి మీద అచ్చు గుద్దినట్టు పడ్డాయి.

మేము న్యూజెర్సీకి వచ్చిన తొలి ఏడాది పక్కింటి పెద్దావిడ మమ్మల్ని థాంక్స్‌గివింగ్ భోజనానికి పిలిచారు. ఊరికే కూర్చోలేక, ఈ గీతలను చెంచాతో నున్నగా చేద్దామని నేను మొదలుపెట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. గీతలు కనబడకపోతే తన పిల్లలు ముట్టుకోరట. పిల్లలంటే నలభై ఏళ్లు దాటినవాళ్లు! తన తల్లి కూడా ఇలాగే, గీతలతోనే పెట్టేదని చెప్పారు.

ఒక ఫ్యాక్టరీ డబ్బా ఆకారం ఒక ఇంటి ఆచారం ఎలా అయింది? అది తెలియాలంటే ఈ బల్ల మీద ఉన్న గిన్నెల మూతలు ఒక్కొక్కటే తీయాలి.

[దృశ్యం: సముద్రపు ఒడ్డు, మసాచుసెట్స్ పటం, ప్లిమత్ దగ్గర చుక్క.]

అమెరికా పిల్లలకు బడిలో చెప్పే కథ 1621లో మొదలవుతుంది. ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మందిలో సగం మంది తొలి చలికాలంలోనే చనిపోయారు. ప్లిమత్‌లో మిగిలిన యాభై మందికి ఆ ఏడాది మొక్కజొన్న చేతికొచ్చింది. ఆ సంబరానికి ఆ నేల మీద అప్పటికే తరతరాలుగా ఉంటున్న వాంపనోగ్ ప్రజలు తమ నాయకుడు మాసాసోయిట్‌తో పాటు తొంభై మంది వరకూ వచ్చారు. విందు మూడు రోజులు సాగింది.

ఏం తిన్నారు? అక్కడ ఉన్న ఎడ్వర్డ్ విన్స్‌లో అనే ఆయన రాసిన ఉత్తరంలో రెండు సంగతులే ఉన్నాయి. నలుగురు మనుషులు వెళ్లి పక్షులను కొట్టుకొచ్చారు, వాంపనోగ్ వాళ్లు అయిదు జింకలను తెచ్చారు. అంతే. ఆ పక్షులు టర్కీలా, బాతులా అన్నది ఆయన రాయలేదు. బంగాళాదుంప ముద్ద అప్పుడు లేదు, ఆ పంటే అక్కడికి ఇంకా చేరలేదు. గుమ్మడి ఉంది, కానీ దాని గుజ్జును పిండి గిన్నెలో పోసి కాల్చే ‘పై’ అనే వంటకం లేదు, దానికి కావలసిన గోధుమపిండీ వెన్నా వాళ్ల దగ్గర లేవు. క్రాన్‌బెర్రీ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో కాసేది. దాన్ని సాస్ చేయడానికి చక్కెర ఏది?

అంటే ఈ రోజు బల్ల మీద ఉన్న వంటల్లో సగానికి పైగా ఆనాటివి కావు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ తర్వాత వాంపనోగ్ వాళ్లకు మిగిలింది రోగాలు, యుద్ధం, పోగొట్టుకున్న నేల. అందుకే 1970 నుంచి ఏటా ఇదే గురువారం ప్లిమత్‌లో కొందరు ఆదివాసులు గుమిగూడి దీన్ని జాతీయ సంతాప దినంగా పాటిస్తున్నారు.

[దృశ్యం: పాత పత్రిక పుటలు తిరుగుతాయి.]

మరి ఈ భోజనాన్ని ఇలా అమర్చింది ఎవరు? నన్నడిగితే సారా జోసెఫా హేల్ అంటాను. న్యూహాంప్‌షైర్‌లో పుట్టిన రచయిత్రి, భర్త పోయాక ఐదుగురు పిల్లలను కలంతో పోషించిన మనిషి. 1827లో అచ్చయిన తన నవలలో ఆవిడ ఒక థాంక్స్‌గివింగ్ విందును వర్ణించారు. బల్ల మొదట్లో వేయించిన టర్కీ, లోపల కూరిన స్టఫింగ్, చివర గుమ్మడి పై. ఆ తర్వాత పేరున్న మహిళా పత్రికకు సంపాదకురాలై, ఏటా వంటల వివరాలు అచ్చు వేస్తూ, దేశమంతా ఒకే రోజున ఈ పండగ చేసుకోవాలని అధ్యక్షుడి తర్వాత అధ్యక్షుడికి ఉత్తరాలు రాస్తూ పోయారు. అంతర్యుద్ధం నడుమ, 1863లో, అబ్రహాం లింకన్ సరేనన్నారు. నవంబరు చివరి గురువారం అని ప్రకటించారు. అది నాలుగో గురువారంగా చట్టంలోకి ఎక్కింది 1941లో. మధ్యలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వ్యాపారుల కోసం దాన్ని వారం ముందుకు జరపడం, దేశంలో సగం రాష్ట్రాలు ఒకరోజు, సగం ఇంకోరోజు పండగ చేసుకోవడం వేరే వేడుక. మన పంచాంగాల గొడవ గుర్తొచ్చింది నాకు.

హేల్ తన ప్రాంతపు వంటలను దేశం మొత్తానికి వడ్డించారు. అందుకే ఈ బల్ల మీద చలిదేశపు శరదృతువు తప్ప ఇంకేమీ కనబడదు.

[దృశ్యం: ఓవెన్ తలుపు తెరుచుకుంటుంది. లోపల బంగారు రంగులో టర్కీ.]

ఇప్పుడు అసలు పెద్దమనిషి దగ్గరికి వద్దాం. ముందు పేరు సంగతి. మనం టర్కీ కోడి అంటాం. టర్కీ వాళ్లు దీన్ని ‘హిందీ’ అంటారు, అంటే ఇండియా పక్షి అని. పోర్చుగీసు వాళ్లు ‘పెరు’ అంటారు. పాపం, ఇది పుట్టింది ఉత్తర అమెరికాలో. మెక్సికోలో పెంపకానికి అలవాటైంది.

దీన్ని వండడం కష్టమని అందరూ అంటారు. ఎందుకు కష్టమో చెబుతాను. పక్షి ఒకటే, మాంసం రెండు రకాలు. ఫారాల్లో పెరిగే టర్కీ ఎగరదు కాబట్టి రొమ్ము కండకు పని తక్కువ. తెల్లగా ఉంటుంది, కొవ్వు పెద్దగా ఉండదు. కాళ్లు రోజంతా నడుస్తాయి, వాటి మాంసం ముదురు రంగులో, గట్టిగా ఉంటుంది, మెత్తబడడానికి ఎక్కువ వేడి కావాలి. కాళ్లు ఉడికేదాకా ఆగితే రొమ్ము ఎండి పీచవుతుంది. రొమ్ము బాగుందని తీసేస్తే కాళ్లు పచ్చిగా ఉంటాయి. పళ్లెం అడుగున కారిన రసంలో పిండి కలిపి చేసే గ్రేవీ గిన్నె బల్ల చుట్టూ తిరుగుతూనే ఉండడానికి సగం కారణం ఈ ఎండిన రొమ్మే! వెన్నెముక కత్తిరించి, పక్షిని పుస్తకంలా విప్పి పరిచి కాలిస్తే రెండూ దాదాపు ఒకేసారి ఉడుకుతాయి. కాకపోతే నిండు పక్షిని బల్ల మీదికి మోసుకొచ్చే వైభవం పోతుంది. ఆ వైభవం కోసమే చాలామంది ఎండిన మాంసం తింటారు.

రెండో ఏడాది నేనే వండుతానని పూనుకున్నాను. ఆరు కిలోలకు పైన, 14 పౌన్ల టర్కీ. ముందు రోజు రాత్రి ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టి నిశ్చింతగా నిద్రపోయాను. తెల్లారి చూస్తే పైన తోలు మెత్తగా ఉంది, లోపల బండరాయి. లెక్క ఏమిటంటే, ప్రతి నాలుగైదు పౌన్లకు ఫ్రిజ్‌లో ఒక రోజు పూర్తిగా పట్టాలి. అంటే మూడు రోజులకు తక్కువ కాదు. తొందరైతే చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మారుస్తూ, పౌనుకు అరగంట చొప్పున ఆగాలి. నాకు ఏడు గంటలు పట్టింది. ఆ తర్వాత కాల్చడం. థర్మామీటరు తొడ మధ్యలో గుచ్చితే 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ చూపేదాకా వదలకూడదు. రెండు గంటలకు పిలిచిన చుట్టాలకు రాత్రి తొమ్మిదికి వడ్డన. మధ్యలో వాళ్లను నిలబెట్టింది మా ఆడపడుచు తెచ్చిన పులిహోర.

కూరే పదార్థం గురించి రెండు ముక్కలు. ఎండిన రొట్టె ముక్కలు, ఉల్లిపాయ, సెలరీ, సేజ్ ఆకు, వెన్న. పక్షి కడుపులో కూరితే స్టఫింగ్. విడిగా పళ్లెంలో కాల్చి, అదీ మొక్కజొన్న రొట్టెతో చేస్తే దక్షిణాది వాళ్లు డ్రెస్సింగ్ అంటారు. ఈ పేరు విషయంలో వాళ్లతో వాదించకండి.

[దృశ్యం: అల్మారాలో వరుసగా డబ్బాలు. ఒక్కొక్కటి ముందుకు వస్తుంది.]

ఇక డబ్బాల కాలం. క్రాన్‌బెర్రీ తాజాగా దొరికేది ఏడాదిలో రెండు మూడు నెలలే. దెబ్బ తగిలిన కాయలు సంతలో అమ్ముడుపోవు. 1912లో మసాచుసెట్స్‌లో మార్కస్ యురాన్ అనే న్యాయవాది వాటిని ఉడికించి డబ్బాల్లో పెట్టడం మొదలుపెట్టారు. తర్వాత ఇతర రైతులతో కలిసి ఆయన కట్టిన సహకార సంఘమే ఇప్పటి ఓషన్ స్ప్రే. ఈ పండు లోపల నాలుగు గాలి గదులు ఉంటాయి. చేనులోకి నీళ్లు వదిలి తీగలను కుదిపితే కాయలన్నీ తేలిపోతాయి. ఎర్రటి చెరువులా కనిపించే ఆ దృశ్యం మీరు ఎక్కడో చూసే ఉంటారు.

చిలగడదుంప ముద్ద మీద మార్ష్‌మాలో పరిచి కాల్చే వంటను చూసి మనవాళ్లు మొదట నివ్వెరపోతారు. అసలే తీపి దుంప, పైన తీపి దూది! 1917లో ఒక మార్ష్‌మాలో కంపెనీ తన సరుకుకు కొత్త వాడకాలు వెతుకుతూ జానెట్ మెకెంజీ హిల్ అనే వంటల నిపుణురాలి చేత చిన్న పుస్తకం రాయించింది. ఆ పుస్తకం నుంచే ఈ వంట ఇళ్లకు చేరింది.

గ్రీన్ బీన్ క్యాసెరోల్‌ది ఇంకా తమాషా. 1955లో న్యూజెర్సీలోని క్యామ్‌డెన్‌లో, క్యాంప్‌బెల్ సూపు కంపెనీ ప్రయోగశాల వంటింట్లో డోర్కస్ రైలీ బృందం తయారుచేసింది. ఏ ఇంట్లోనైనా ఉండే సరుకులతో కావాలన్నది షరతు. బీన్సు, పుట్టగొడుగుల సూపు డబ్బా, పాలు, సోయా సాస్, మిరియాల పొడి, పైన వేయించిన ఉల్లిపాయలు. ఆరు సరుకులు, అన్నీ ఒక గిన్నెలో కలిపి ఓవెన్‌లో తోసేయడమే. రైలీ చేతిరాత ఉన్న ఆ కార్డు 2002లో జాతీయ ఆవిష్కర్తల ప్రదర్శనశాలకు చేరింది. రుచి మాటకొస్తే, ఉల్లిపాయలు బాగుంటాయి. అంతకు మించి నన్ను అడగకండి.

గుమ్మడి పై కూడా ఎక్కువ ఇళ్లలో డబ్బా గుజ్జుతోనే. ఆ డబ్బాలోది హాలోవీన్‌కు ముఖం చెక్కే నారింజ రంగు కాయ కాదు. ఇల్లినాయిలో మోర్టన్ చుట్టూ పండే డికిన్సన్ రకం, లేత గోధుమ తొక్కతో ఉంటుంది. మన దప్పళంలో వేసే తీపి గుమ్మడి, ఇదీ ఒకే జాతి. నిజానికి సంక్రాంతి దప్పళంలో ఉండే గుమ్మడి, చిలగడదుంప, మిరపకాయ, మూడూ అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. వాళ్లు చక్కెర వేసుకున్నారు, మనం చింతపండు వేసుకున్నాం.

[దృశ్యం: వేర్వేరు ఇళ్ల భోజనాల బల్లలు.]

హేల్ రాసిన పట్టికను అందరూ పాటించారనుకోకండి. నల్లజాతి కుటుంబాల బల్ల మీద మకరోనీ చీజ్ లేకపోతే అది పండగే కాదు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ ఇంట్లో బానిసగా ఉంటూ ఫ్రాన్సులో వంట నేర్చిన జేమ్స్ హెమింగ్స్ చేతుల మీదుగా ఆ వంట అమెరికాలో కాలూనింది. వాళ్లు గుమ్మడి పై బదులు చిలగడదుంప పై చేస్తారు. బాల్టిమోర్‌లో టర్కీ పక్కన జర్మన్ వాళ్ల పుల్లటి క్యాబేజీ ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాల్లో టర్కీ కంటే ముందు లసాన్యా వస్తుంది.

మనవాళ్లకు ఇది నాలుగు రోజుల సెలవు. ఎనిమిది గంటలు కారు నడిపి అన్నదమ్ములు, తోడికోడళ్లు, స్నేహితులు ఒక ఇంట్లో చేరతారు. మాంసం తినేవాళ్లు టర్కీని బిర్యానీలోకి దించుతారు, లేదా మేకమాంసం తెచ్చి టర్కీని పక్కన పెట్టేస్తారు. అయితే నా దృష్టిలో మనవాళ్లు ఈ పండగ నుంచి పూర్తిగా తమది చేసుకున్నది ఒక్కటే. అది క్రాన్‌బెర్రీ.

[దృశ్యం: సంచి చింపి కాయలను గిన్నెలో పోయడం. ఒక కాయ గట్టు మీద పడి బంతిలా ఎగురుతుంది.]

పచ్చి కాయ కొరికి చూడండి. పులుపు, వెనకాలే వగరు. మీది గోదావరి జిల్లాలైతే నాలుక వెంటనే గుర్తుపడుతుంది: వాక్కాయ! వాక్కాయతో చేసే ప్రతి వంటా దీనితో కుదురుతుంది. పప్పు, పచ్చడి, పులిహోర. పప్పు చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. పులుపు తగిలితే కందిపప్పు త్వరగా మెత్తబడదు. కాబట్టి పప్పును ముందు విడిగా ఉడికించి పెట్టుకోండి. మూకుడులో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ పోపు వేసి, కాయలు వేసి మూత పెడితే అవి టపటప పేలతాయి. ఆ పేలుడు ఆగాక పసుపు, ఉప్పు, కారం, ఉడికిన పప్పు. వగరు విరగడానికి చిటికెడు బెల్లం. చింతపండు అక్కర్లేదు.

ఆ తొలి ఏడాది మేము పక్కింటికి పట్టుకెళ్లింది ఈ పప్పే, కాస్త అన్నంతో. పెద్దావిడ రెండుసార్లు వేయించుకుని, ఇదేం పండని అడిగారు. చెబితే నమ్మలేదు. అరవై ఏళ్లుగా దాన్ని డబ్బాలోంచి జారిందిగానే చూశారట.

[దృశ్యం: ఫ్రీజర్ తలుపు. లోపల నాలుగు ఎర్రటి సంచులు పేరుస్తున్న చెయ్యి.]

తాజా కాయలు జనవరికల్లా దుకాణాల్లో కనబడవు. నవంబరులోనే 12 ఔన్సుల సంచులు నాలుగు కొని, కడగకుండా అలాగే ఫ్రీజర్‌లో పడేయండి. టర్కీలా వీటిని కరిగించే పని లేదు, గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే పోపులో వేసేయవచ్చు. మా ఇంట్లో ఆఖరి సంచి ఉగాది పచ్చడి దాకా వస్తుంది, మామిడికాయ దొరకని ఏడాది.