గసగసాల గింజలో సగం ఉండే కందిరీగకు పేరు చెప్పడం ఎలా?

అందరికీ నమస్కారం.

వెనక బల్ల మీద రెండు మైక్రోస్కోపులు పెట్టాం, చూశారా? ఒక్కోదాని కింద ఒక్కో స్లైడు ఉంది. రెండూ ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగల్లో జాతులే: ఒకటి ట్రైకోగ్రామా జపోనికమ్, ఇంకోటి ట్రైకోగ్రామా కైలోనిస్. ఏది ఏదో తెలియకుండా లేబుళ్ల మీద కాగితం అంటించాం. నా మాటలు అయ్యాక మీరే చెప్పాలి.

రైతులకు ఈ పురుగులు కొత్త కాదు. ట్రైకో కార్డు అంటే తెలియనివాళ్లు ఇక్కడ తక్కువే. కార్డు మీద ఇసుక చల్లినట్టు నల్లగా అతికించి ఉండేవి కార్సైరా (రైస్ మాత్) అనే, నిల్వ బియ్యానికి పట్టే రెక్కల పురుగు గుడ్లు. వాటి లోపల కందిరీగ పిల్ల గుడ్డు సొనంతా తినేసి ఎదుగుతూ ఉంటుంది. బయటికి వచ్చే రీగ అర మిల్లీమీటరు పొడవు. అది పొలంలో చేటు పురుగుల గుడ్లు వెతుక్కుని వాటిలో తన గుడ్డు పెడుతుంది. వరిలో మొగిపురుగు, అదే కాండం తొలిచే పురుగు ఉంటే జపోనికమ్ కార్డులు కట్టమంటాం. ఆకుముడతకు, చెరకులో పీక పురుగుకు కైలోనిస్ కట్టమంటాం. కార్డు చూస్తే రెండూ ఒకటే. రీగలు చూసినా మామూలు కంటికి ఒకటే.

ఈ తేడా ఎంత ముఖ్యమో నాకు తెలిసొచ్చిన సంగతి చెబుతాను. ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక ల్యాబులో జపోనికమ్ పెంపకం నాకు అప్పగించారు. జపోనికమ్ ఒళ్లు ముదురు రంగు, కైలోనిస్ పసుపు. ఏప్రిల్ వచ్చేసరికి నా సీసాల్లో రీగలు కాస్త పసుపు తేలాయి. నేను కంగారు పడలేదు, ఎందుకంటే చదువుకున్నాను కదా: ట్రైకోగ్రామాలో వేడికి పెరిగినవి లేతగా, చలికి పెరిగినవి ముదురుగా వస్తాయి. ఎండాకాలం, అందుకే అనుకున్నాను. నేను చదివింది నిజమే. అక్కడే దెబ్బతిన్నాను. మా పెద్దాయన ఒకరోజు సీసా ఎత్తి చూసి, "ఏమయ్యా, మగవాటిని స్లైడు చేసి చూశావా?" అన్నారు. చేయలేదు. ఆ సాయంత్రం పది మగవాటిని చేశాను. తొమ్మిది కైలోనిస్! పక్క ర్యాకులోంచి ఎప్పుడో దూరి, నా జపోనికమ్‌ను మింగేశాయి. అప్పటికే జపోనికమ్ అని రాసిన కార్డులు ఊళ్లకు వెళ్లిపోయాయి. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

సరే, గుర్తుపట్టడం ఎక్కడ మొదలుపెట్టాలి? రీగ పాదాలతో. వరి ఆకు మీద లేత గోధుమ రంగు నూగు కప్పుకుని ఉండే మొగిపురుగు గుడ్ల గుంపును తెచ్చి గాజు గొట్టంలో వేసి, మూతికి దూది పెట్టండి. నాలుగైదు రోజుల్లో పురుగు పిల్లలతో పాటు రీగలు కూడా రావచ్చు. మన వరి పొలాల్లో వచ్చేవి ముఖ్యంగా మూడు రకాలు. పాదంలో మూడు కణుపులుంటే ట్రైకోగ్రామా. నాలుగుంటే టెట్రాస్టికస్. ఐదుంటే టెలినోమస్. మూడు, నాలుగు, ఐదు. ఇంత సులువైన లెక్క ఇంకెక్కడా దొరకదు. ట్రైకోగ్రామా రెక్క మీద నూగు కూడా నారుమడిలో వరసల్లా గీతలు గీతలుగా ఉంటుంది. ఆ పేరుకు అర్థమే వెంట్రుకల గీత.

సులువు అక్కడితో అయిపోయింది. ట్రైకోగ్రామా అని తెలిశాక, ఏ ట్రైకోగ్రామా అన్నదే అసలు తలనొప్పి. ఆడవాటితో దాదాపు పని జరగదు, ఒకదానికొకటి అంత దగ్గరగా ఉంటాయి. మగదానికి మీసాల మీద పొడవాటి వెంట్రుకలుంటాయి, ఆడదానికి ఉండవు. కాబట్టి మగదాన్ని ఏరడం కష్టం కాదు. ఆ వెంట్రుకల పొడవు, మీసం మందం కొలిచి పోల్చుకుంటే కొంత తెలుస్తుంది. కానీ బక్కగా పెరిగిన మగదానికి, పుష్టిగా పెరిగినదానికి కొలతలు మారతాయి. అంతా దాని మీద వదిలేయలేం.

ఈ తలనొప్పి వల్ల మన దేశంలో ఒకే రీగకు ఎన్ని పేర్లు పెట్టారో చూడండి. మన చెరకు తోటల్లో దొరికేదాన్ని చాలాకాలం అమెరికా జాతి పేరుతో మినూటమ్ అన్నారు. తర్వాత ఆస్ట్రాలికమ్ అన్నారు. 1976లో దానికి కన్ఫ్యూజమ్ అని పేరొచ్చింది, ఇంతకంటే నిజాయితీ గల పేరు నేనెక్కడా వినలేదు. చివరికి 1979లో తేలింది, జపాన్‌లో ఇషీ అనే శాస్త్రవేత్త 1941లో పేరు పెట్టిన కైలోనిసే ఇది అని.

ఈ చిక్కుముడి విప్పినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది బెంగళూరులో కామన్వెల్త్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయలాజికల్ కంట్రోల్ భారత కేంద్రంలో పనిచేసిన సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ. మగదాని జననాంగం ఆకారాన్ని బట్టి జాతులను విడదీయవచ్చని వాళ్లు 1971లో చూపించారు. ఆ తర్వాత ప్రపంచమంతా అదే దారి పట్టింది. రంగు వేడికి మారుతుంది, సైజు తిండికి మారుతుంది. ఈ ఆకారం మాత్రం అలా మారదు.

దాన్ని చూడటానికి కొంచెం ఓపిక కావాలి. మగ రీగను 10 శాతం కాస్టిక్ పొటాష్‌లో నానబెడితే లోపలి మెత్తనంతా కరిగి, పెంకు గాజులా మిగులుతుంది. కడిగి, ఆల్కహాల్లో తేమ తీసి, లవంగ నూనెలో వేస్తాం. ల్యాబంతా పంటినొప్పి మందు వాసన! తర్వాత కెనడా బాల్సం అనే పారదర్శకమైన జిగురు చుక్కలో వెల్లకిలా పడుకోబెట్టి, పైన కవర్ స్లిప్ వేస్తాం. ఇక్కడే కొత్తవాళ్లు పాడుచేస్తారు. కవర్ స్లిప్‌ను కాస్త గట్టిగా నొక్కితే జననాంగం పక్కకు తిరిగిపోయి, లేని ఆకారం కనిపిస్తుంది. నేను అలా ఒక "కొత్త జాతి"ని కనిపెట్టి రెండు రోజులు మురిసిపోయాను కూడా.

సరిగ్గా కూర్చుంటే పొట్ట చివర సన్నని గోధుమరంగు గొట్టంలాంటిది కనబడుతుంది. దాని పైవైపు ఒక పలక ఉంటుంది. కైలోనిస్‌లో ఆ పలక కొసదేరిన ముక్కోణం, అడుగున రెండు పక్కలా నొక్కులు పడి భుజాల్లా ఉంటుంది. జపోనికమ్‌లో ఆ భుజాల ముక్కోణం కనిపించదు. ఇంతే తేడా. ఇది గుర్తుపెట్టుకోండి, వెనక బల్ల దగ్గర పనికొస్తుంది.

ఆకారం చూసినా అనుమానం తీరకపోతే పెళ్లి చేసి చూడటమే. నల్లబడిన గుడ్లను ఒక్కోదాన్ని ఒక్కో గొట్టంలో విడిగా పెడితే కన్నె ఆడరీగ దొరుకుతుంది. దాన్ని రెండో రకం మగదానితో కలుపుతాం. ఈ రీగల్లో మగదానితో కలవని గుడ్డు కూడా పొదుగుతుంది, కాకపోతే అందులోంచి మగదే వస్తుంది. అందుకని పిల్లల్లో ఆడవి లేకపోతే, ఆ జంట కలవలేదన్నమాట. పిల్లలు ఎన్ని పుట్టాయో చూసి సంబరపడకూడదు, వాటిలో ఆడవెన్నో లెక్కపెట్టాలి.

మరి మగవే పుట్టని ట్రైకోగ్రామాలు ఉంటే? ఉన్నాయి. వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఒంట్లో ఉంటే తల్లి మగతోడు లేకుండానే ఆడపిల్లల్ని కంటూ పోతుంది. 1990లో తేలిన సంగతి ఏంటంటే, అలాంటి తల్లికి యాంటీబయాటిక్ పెడితే మళ్లీ మగపిల్లలు పుడతాయి. మాలాంటివాళ్లకు స్లైడు చేసుకోవడానికి మగది దొరుకుతుంది. ఇప్పుడైతే డీఎన్‌ఏ కూడా చూస్తున్నారు, మంచిదే. కానీ ఆ డీఎన్‌ఏ ఏ జాతిదో మొదట ఎవరో ఒకరు స్లైడు చూసి చెప్పి ఉండాలి కదా.

ఇక లేవండి, ఒక్కొక్కరుగా వెళ్లి చూడండి. ముదురుగా ఉన్నది జపోనికమ్ అనేద్దాం అనుకుంటున్నవాళ్లకు ముందే చెబుతున్నా: రెండింటినీ పొటాష్‌లో నానబెట్టాం, రంగు చాలావరకు పోయింది.