అహోబిలం యాత్ర: తొమ్మిది గుళ్లు, మూడు దారులు

పెద్దలకు, అమ్మలకు నమస్కారం.

అహోబిలం వెళ్లివచ్చినవాళ్లను "నవనారసింహుల దర్శనం అయిందా?" అని అడిగితే చాలామంది "ఆరు చూశాం, ఏడు చూశాం, మిగతావి కుదరలేదు" అంటారు. కొందరైతే తొమ్మిదీ చూశామని నమ్మకంగా చెబుతారు. లెక్క అడిగితే అందులో దిగువ అహోబిలంలోని ప్రహ్లాదవరద స్వామి ఉంటాడు. ఆ గుడి పెద్దది, అందమైనది, ఊరి నడిబొడ్డున ఉన్నది. కానీ నవనారసింహుల లెక్కలోకి రాదు. కాబట్టి ముందు లెక్క సరిచూసుకుందాం.

"జ్వాలాహోబిల మాలోల క్రోడ కారంజ భార్గవాః, యోగానంద ఛత్రవట పావనా నవమూర్తయః" అని పెద్దలు శ్లోకం చెబుతారు. తొమ్మిది పేర్లూ ఇందులో ఉన్నాయి, కంఠస్థం చేసుకోవడానికి ఇంతకన్నా సులువైనది లేదు. అయితే ఈ వరుస పట్టుకొని నడిస్తే మాత్రం తిరిగిన కొండే మళ్లీ తిరగాల్సి వస్తుంది. నడక వరుసను కొండ, వాగు నిర్ణయిస్తాయి. ఈ రోజు నేను చెప్పబోయేది ముఖ్యంగా ఆ నడక వరుస గురించే.

అహోబిలం నంద్యాల జిల్లాలో, నల్లమల తూర్పు కనుమల్లో ఉంది. కర్నూలు, కడప మధ్య పెద్ద రోడ్డు మీద ఆళ్లగడ్డ వస్తుంది. అక్కడ దిగి బస్సో ఆటోనో పట్టుకుంటే దిగువ అహోబిలం. రైలులో వచ్చేవాళ్లు నంద్యాలలో దిగడం మేలు. దిగువ నుంచి ఎగువ అహోబిలానికి 8 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఉంది. బస దిగువలోనే ఎక్కువ దొరుకుతుంది. మఠాల వసతి గృహాలు, సత్రాలు, చిన్న లాడ్జీలు ఉన్నాయి. ప్రతి నెలా స్వాతి నక్షత్రం రోజు స్వామికి ప్రత్యేకం కాబట్టి ఆ రోజుకూ, శనివారాలకూ గది ముందే మాట్లాడుకోండి.

తొమ్మిది గుళ్లనూ మూడు దారులుగా విడదీయాలి. ఎగువ దారిలో అహోబిల, క్రోడ, జ్వాలా, మాలోల, కారంజ అని అయిదు. దిగువ చుట్టూ భార్గవ, యోగానంద, ఛత్రవట అని మూడు. అడవి లోపల పావన ఒక్కటే. ఒక్క రోజులో అన్నీ చుట్టబెట్టాలనుకుంటే దర్శనం పోయి పరుగు మిగులుతుంది. రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు ఎగువ, రెండో రోజు పొద్దున పావన, తర్వాత దిగువ మూడు. జ్వాలా దారికి పైనున్న ఉగ్రస్తంభం అనే బండ ఎక్కాలన్నవాళ్లు మూడో రోజు కూడా చేతిలో ఉంచుకోవాలి.

ఎగువ దారి గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇబ్బందులన్నీ ఇక్కడే. ఎగువ గుడి గరుడాద్రి, వేదాద్రి కొండల మధ్య, భవనాశిని వాగు పక్కన ఉంది. గుహలో వెలసిన అహోబిల నరసింహస్వామి స్వయంభువు, ఉగ్రమూర్తి, హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకొని చీలుస్తున్న రూపం. ఆదిశంకరులు ప్రతిష్ఠించినదని చెప్పే శివలింగం కూడా ఇక్కడే ఉంది. ఈ గుడి దర్శనం ముందు చేసుకోవాలా, కొండ దిగివచ్చాకనా అని అడుగుతుంటారు. తెరిచే వేళకు వెళ్లి ముందే దణ్ణం పెట్టుకొని కదలండి. దిగివచ్చేసరికి మధ్యాహ్న విరామం పడితే మూసిన తలుపు ముందు గంటలకొద్దీ కూర్చోవాల్సి వస్తుంది.

గుడి వెనుక నుంచి భవనాశిని వెంబడే దారి. కిలోమీటరు నడిస్తే క్రోడ నరసింహుడు, అంటే వరాహస్వామి. చిన్న గుహ, వంగి లోపలికి వెళ్లాలి. అక్కడి దాకా నడక తేలిక. అసలు నడక ఆ తర్వాత మొదలవుతుంది. రాళ్ల మీదుగా, అక్కడక్కడ వేసిన మెట్ల మీదుగా, వాగును దాటుకుంటూ జ్వాలా నరసింహుడి దగ్గరకు వెళ్లాలి. ఎగువ గుడి నుంచి మొత్తం సుమారు 4 కిలోమీటర్లు. సత్తువ ఉన్నవాళ్లకు ఎక్కడానికి రెండు, రెండున్నర గంటలు పడుతుంది. జ్వాలా గుడి పెద్ద కొండచరియ కింద ఉంటుంది. వానల తర్వాత వెళితే పైనుంచి నీటిధార జల్లులా పడుతుంది, తడవకుండా గుళ్లోకి చేరడం కష్టం. స్వామి కోపం పరాకాష్ఠకు చేరిన చోటు ఇదేనని సంప్రదాయం. లోపల స్తంభం నుంచి వెలువడుతున్న మూర్తి, హిరణ్యకశిపుణ్ణి పట్టుకున్న మూర్తి, సంహరిస్తున్న మూర్తి పక్కపక్కనే ఉంటాయి. ఒక్కొక్కటి ఆగి చూడండి. పక్కనే రక్తకుండం. స్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పే ఈ గుండంలో నీరు ఎర్రగా కనిపిస్తుంది, దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉంటుంది.

క్రోడ తర్వాత ముందు మాలోల దారి పట్టకండి. ఎండ ముదరకముందే జ్వాలా పూర్తి చేసుకొని, తిరుగుదారిలో మాలోలకు మళ్లండి. కష్టమైన ఎక్కుడు చల్లపూట అయిపోతుంది, అలసిన కాళ్లకు తేలికైన దారి మిగులుతుంది. ఉగ్రమూర్తిని చూశాక లక్ష్మీదేవిని ఎడమ తొడపై కూర్చోబెట్టుకొని శాంతంగా ఉన్న మాలోలుణ్ణి చూడడంలో మనసుకూ ఒక వరుస ఉంది. మాలోల దగ్గరే ప్రహ్లాద బడి అనే చిన్న గుహ. రాతి మీద అక్షరాల్లాంటి గీతలు కనిపిస్తాయి. చదువుకునే పిల్లల్ని తీసుకెళ్లే ఆనవాయితీ ఉంది.

మాలోల అనగానే అహోబిల మఠం గుర్తుకు రావాలి. సుమారు 1398 ప్రాంతంలో ఆదివన్ శఠకోప యతీంద్రులు మొదటి జీయరుగా, అంటే మఠాధిపతిగా, ఈ మఠం మొదలైంది. మాలోల ఉత్సవమూర్తి జీయరు వెంట ఊరూరా సంచరిస్తాడు. అందుకే కొండ మీద మూలమూర్తిని దర్శించినవాళ్లకు ఉత్సవమూర్తి తమ ఊళ్లోనే, జీయరు విడిది చేసిన చోట కనిపించవచ్చు. మన అన్నమయ్య శాస్త్రాధ్యయనం చేసింది కూడా ఆ ఆది జీయరు దగ్గరేనని సంప్రదాయం చెబుతుంది.

ఇక ఉగ్రస్తంభం. జ్వాలా దారిలోనే ఒకచోట చీలి పైకి పోతుంది. నిలువునా చీలినట్టున్న ఆ బండనే హిరణ్యకశిపుడు కొట్టిన స్తంభంగా కొలుస్తారు. వెళ్లిరావడానికి అదనంగా రెండు మూడు గంటలు పడుతుంది. చివర చేతులు కూడా ఆనించి ఎక్కాలి. మనుషులు మోసే డోలీ వెళ్లదు. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు, ఎత్తు భయం ఉన్నవాళ్లు కింద నుంచే దణ్ణం పెట్టుకోండి, అందులో లోటేమీ లేదు. ఎక్కేవాళ్లు తోడుగా స్థానికుణ్ణి తీసుకెళ్లండి. పొద్దున పదింటికి దారి చీలే ఆ చోట లేకపోతే ఆ రోజుకు విరమించుకోండి. పైకి ఎక్కేటప్పుడు పట్టు దొరుకుతుంది. దిగేటప్పుడు చీకటి పడితే కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. పైగా ఇది పులులు తిరిగే నల్లమల. సాయంత్రం తర్వాత అక్కడ ఉండకూడదు.

జారిపడడానికి కారణం ఎక్కువగా రాయే. నల్లమలలో పలకలు పలకలుగా ఉండే గట్టి రాయి ఎక్కువ. నీళ్లు పారిన చోట అది అద్దంలా నునుపెక్కుతుంది, పైన సన్నటి పాచి పడుతుంది. పొడిగా ఉన్నట్టు కనిపించే బండ మీదే కాలు జారుతుంది. భక్తి కొద్దీ చెప్పులు ఎగువ గుడి దగ్గరే వదిలి వట్టికాళ్లతో బయలుదేరేవాళ్లు చాలామంది. పొద్దున బాగానే ఉంటుంది. పదకొండు దాటాక బండ కాలుతుంది, పరుగులాంటి నడక మొదలవుతుంది, అక్కడే చీలమండ మడతపడుతుంది. పట్టున్న బూట్లు వేసుకొని ప్రతి గుడి బయటా విప్పండి. దారి మొదట్లో దొరికే వెదురు ఊతకర్ర తప్పక తీసుకోండి. అది కాలికి ఆసరా, కోతికి అదురు. చేతిలో ప్లాస్టిక్ సంచి కనబడితే కోతులు లాక్కుంటాయి. పూజ సామాను, అరటిపండ్లు వీపు సంచిలో పెట్టి జిప్పు వేసుకోండి. తాగే నీళ్లు మనిషికి రెండు లీటర్లు. ఖాళీ సీసాలు మీతోనే కిందికి తీసుకురండి. అడవి స్వామిది.

నడవలేనివాళ్లకు డోలీలు ఉన్నాయి. బయలుదేరే ముందే ఏయే గుళ్లకు, ఎంత మొత్తం, మధ్యలో ఆగితే ఎలా అన్నది నోటితో స్పష్టంగా మాట్లాడుకోండి. గొడవలన్నీ "మాలోల కూడా ఉందనుకున్నాం" అన్న దగ్గరే వస్తాయి.

కారంజ నరసింహుడు దిగువ, ఎగువ మధ్య రోడ్డు పక్కనే, ఎగువకు కిలోమీటరు దూరంలో కానుగచెట్టు దగ్గర ఉన్నాడు. చేతిలో విల్లు పట్టిన నరసింహుడు ఈయన. ఆంజనేయుడి తపస్సుకు రాముడై కనిపించాడని కథ. బండి ఆపి అయిదు నిమిషాల్లో దర్శనం చేసుకోవచ్చు, కానీ ఆ విల్లు చూడకుండా రావద్దు.

రెండో రోజు పావన. స్థానికులు పాములేటి నరసింహుడనీ అంటారు. దిగువ నుంచి జీపులు వెళతాయి. దారి అంతా రాళ్లు, గుంతలు, మధ్యలో వాగులు. నడుము నొప్పి ఉన్నవాళ్లు ముందు సీటు అడగండి. తిన్న వెంటనే జీపెక్కకండి. వానాకాలం వాగు పొంగితే జీపులు ఆపేస్తారు, వాళ్లు ఆపితే బతిమాలకండి. స్వామి పక్కన చెంచులక్ష్మి ఉంటుంది.

దిగువ మూడింటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. భార్గవం ఊరికి రెండు కిలోమీటర్లు, వందకు పైగా మెట్లు, కింద అక్షయతీర్థం అనే కోనేరు. పరశురాముడు తపస్సు చేసిన చోటు. యోగానందుడు ప్రహ్లాదుడికి యోగం నేర్పిన భంగిమలో మోకాళ్ల చుట్టూ కట్టిన యోగపట్టంతో కూర్చుంటాడు. ఛత్రవటంలో హాహా, హూహూ అనే గంధర్వుల పాటకు స్వామి చిరునవ్వుతో చేత్తో తాళం వేస్తుంటాడు. నవనారసింహుల్లో పాట విన్న ముఖం ఇదొక్కటే. దీపం వెలుగులో ఆ ఎడమ చేతిని చూపించమని అర్చకస్వామిని అడగండి. ఊరికి దూరంగా ఉన్న గుళ్లకు అర్చకులు నియమిత వేళల్లోనే వస్తారు, కాబట్టి ఆ రోజు వేళలు దిగువ గుళ్లో పొద్దున్నే కనుక్కొని ఆటో మాట్లాడుకోండి.

దిగువ గుడికి ఒక పూట ప్రత్యేకంగా ఇవ్వాలి. విజయనగర శిల్పం ఎంత నిండుగా ఉంటుందో ఆ మండప స్తంభాలు చూస్తే తెలుస్తుంది. కొండవీడు గెలిచిన 1515లోనే శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి హారం, రత్నాల కడియాలు, బంగారు పళ్లెం సమర్పించినట్టు శాసనం ఉంది. గుడి దగ్గర జయస్తంభం ఆయన పేరే చెబుతుంది. 1579 ప్రాంతంలో గోల్కొండ సేనల దాడిలో ఈ క్షేత్రం దెబ్బతిన్నది. కొన్నేళ్లకు జీయరు కోరిక మీద శ్రీరంగరాయల తరఫున కొండరాజు వేంకటరాజు దీన్ని విడిపించి జీర్ణోద్ధరణ చేశాడు. ఇప్పుడు మనం చూస్తున్నది అలా నిలబెట్టుకున్న గుడి.

వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఈ కొండను గురించి పది పాశురాలు, అంటే తమిళ పద్యాలు, పాడారు. ఆళ్వార్లు కీర్తించిన 108 దివ్యదేశాల్లో ఇది చేరింది ఆ పాటలతోనే. ఎండిన దిరిసెన కాయలు గాలికి గలగలలాడడం, వెదుళ్లు ఒరుసుకొని నిప్పు పుట్టడం, బాటసారులను అటకాయించే వేటగాళ్లు, ఇవన్నీ ఆ పాశురాల్లో కనిపిస్తాయి. దేవతలకు తప్ప వెళ్ల వీలుకాని చోటు అంటారాయన. ఏప్రిల్, మే నెలల్లో వెళితే ఆ మాట ఒంటికి తెలుస్తుంది. వైశాఖంలో నృసింహ జయంతికి వెళ్లాలనుకునేవాళ్లు దిగువ, ఎగువ గుళ్లతో సరిపెట్టుకొని కొండ నడక నవంబరు, ఫిబ్రవరి మధ్యకు వాయిదా వేసుకోవడం మంచిది. ఆగస్టు, సెప్టెంబరుల్లో జలపాతాలు అద్భుతంగా ఉంటాయి, బండలు అంతే ప్రమాదంగా ఉంటాయి.

చివరిగా పార్వేట, అంటే స్వామి వేటకని బయలుదేరి ఊళ్లు తిరిగే ఉత్సవం. పార్వేట వేరే క్షేత్రాల్లోనూ ఉంది, కానీ అహోబిలంలో దాని తీరు వేరు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి చెంచులకు అల్లుడు. చుట్టుపక్కల ఊళ్లకు ఓబులేసుడు. రాయలసీమలో ఓబుళరెడ్డి, ఓబులేసు, ఓబుళమ్మ అన్న పేర్లు ఇంటింటా ఉన్నది ఈయన వల్లే. ఏటా కనుమ రోజు జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరద ఉత్సవమూర్తులు పల్లకీ ఎక్కి, ఫాల్గుణంలో జరిగే తమ పెళ్లికి తామే పిలవడానికి ఊళ్లు తిరుగుతారు. బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకీ మీదుగా బాణం వేస్తారు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు. స్వామి కొలువుదీరే అరుగును ఆ ఊళ్లలో తెలుపు అంటారు. పల్లకీ వచ్చే రోజుకు ఆడపడుచులు పుట్టింటికి చేరుకుంటారు. ఊరికి అది సంక్రాంతి కన్నా పెద్ద పండుగ.

యాత్రికులకు ఇందులో తెలుసుకోవాల్సినది ఒకటుంది. కనుమ నుంచి ఫాల్గుణ బ్రహ్మోత్సవాల దాకా ఈ ఉత్సవమూర్తులు గుళ్లో ఉండరు. ఆ రోజుల్లో వెళ్లి మూలవిరాట్టును మాత్రమే చూసి, ఉత్సవమూర్తి లేడేమని నొచ్చుకుంటారు. అలా నొచ్చుకోకుండా పల్లకీ ఆ రోజు ఏ ఊళ్లో ఉందో దేవస్థానంలో అడగండి. ఏ రోజు ఏ ఊరన్నది ముందే ఖరారై ఉంటుంది. ఆళ్లగడ్డ, రుద్రవరం వైపు ఊళ్లయితే ఆటోలో వెళ్లిరావచ్చు. కొబ్బరికాయ, కాసిని పూలు చాలు. తెలుపు దగ్గర ఊరివాళ్ల వరుసలోనే నిలబడండి. మొదటి హారతి ఆ ఊరివాళ్ల హక్కు, అది అయ్యాక మీకూ శఠారి పెడతారు.