హంతకుడెవరో తెలిసిపోయాకే మా అసలు చర్చ

హాయ్ అండీ, ఎలా ఉన్నారు అందరూ? నేనిప్పుడు లైబ్రరీకి బయలుదేరాను, భుజాన ఈ సంచి నిండా పుస్తకాలే. నెలకోసారి అక్కడ మా కోజీ మిస్టరీ గ్రూప్ కలుస్తుంది. దీని గురించి మీకు చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను, లోపల మిగతావాళ్ళు ఉంటారు కాబట్టి కెమెరా పెట్టను, అందుకే ఈ నడిచే దారంతా మీతో మాట్లాడతాను.

కోజీ మిస్టరీ ఎప్పుడూ చదవనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. హత్య ఉంటుంది, కానీ మన కళ్ళ ముందు జరగదు, రక్తం గురించి పేజీలకు పేజీలు రాయరు. ఎక్కువగా అది అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊరు. పరిశోధించేది పోలీసులు కాదు, పక్కింటి పెద్దావిడో, కొట్టు నడుపుకునే అమ్మాయో, రిటైరైన టీచరో. చివరికి దోషి ఎవరో తేలుతుంది. అంతే. వినడానికి చాలా తేలికగా ఉంటుంది కదా, చాలామంది అందుకే కాలక్షేపం పుస్తకాలని పక్కన పెట్టేస్తారు. నేనైతే ఒప్పుకోను, ఎందుకో ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత్రి అగాథా క్రిస్టీతోనే మొదలుపెట్టి చెప్తాను.

మిస్ మార్పుల్ అనే పాత్ర మొదటిసారి కనబడింది 1927 డిసెంబర్‌లో, ఒక పత్రికలో వచ్చిన చిన్న కథలో. ఆ కథ ఏమిటో తెలుసా? కొంతమంది ఒక ఇంట్లో కూర్చుని, తలా ఒక నేరం కథ చెప్పాలి, మిగతావాళ్ళు దాని ముడి విప్పాలి అని మంగళవారం క్లబ్ అనే ఒక క్లబ్ పెట్టుకుంటారు. అంటే మా గ్రూప్ లాంటిదే! ఒక రచయిత, ఒక చిత్రకారిణి, ఒక లాయరు, ఒక చర్చి ఫాదరు, స్కాట్‌లాండ్ యార్డ్‌లో, అంటే లండన్ పోలీసు శాఖలో, పెద్ద పదవి చేసి దిగిపోయిన ఒకాయన ఉంటారు. క్లబ్‌కి ఎంతమంది ఉన్నామా అని ఆ చిత్రకారిణి లెక్కపెడుతుంది. ఐదుగురే తేలతారు, ఆరుగురైతే బాగుండేది అంటుంది. అప్పుడు మూల కూర్చుని ఊలుతో అల్లుకుంటున్న పెద్దావిడ, నన్ను మర్చిపోయావమ్మా అన్నట్టుగా నవ్వుతుంది. ఆవిడే మిస్ మార్పుల్, ఇల్లు ఆవిడదే. ఆవిడ ఇంట్లో కూర్చుని ఆవిడనే లెక్కలో వేసుకోలేదు. ఇక ఆ తర్వాత ఒక్కొక్కరూ కథ చెప్పడం, అందరూ తలోదారి పోవడం, చివరికి ఆవిడే ముడి విప్పడం.

నాకు ఆ చిన్న సన్నివేశంలోనే ఈ సాహిత్యం మొత్తం కనబడుతుంది. ఎవరినైతే ఎవరూ లెక్కలో వేసుకోరో, వాళ్ళ ముందు అందరూ దాపరికం లేకుండా మాట్లాడేస్తారు. అందుకే వాళ్ళకి అన్నీ తెలుస్తాయి. మార్పుల్ దగ్గర ల్యాబ్ లేదు, అధికారం లేదు, సెయింట్ మేరీ మీడ్ అనే తన పల్లెటూళ్ళో ఎన్నో ఏళ్ళుగా చూసిన మనుషులున్నారు. ఎదుట ఉన్నవాడు ఎంత గొప్పవాడైనా సరే, వాడు అచ్చం మా ఊళ్ళో ఫలానా పనివాడిలాగే ప్రవర్తిస్తున్నాడు అని పోల్చుకుని అక్కడినుంచి నిజం లాగుతుంది. క్రిస్టీ తన ఆత్మకథలో చెప్పుకుంది, ఈ పాత్రలో తన అమ్మమ్మ ఛాయలు కొన్ని ఉన్నాయని, ఆవిడ ఎవరి గురించైనా చెడుగానే ఊహించేదని, అది చాలాసార్లు నిజమయ్యేదని. మార్పుల్‌ని మొదట్లోనే అంత పెద్ద వయసుతో సృష్టించడం చిక్కు తెచ్చిపెట్టిందని కూడా అందులోనే రాసింది, ఎందుకంటే 1930లో మొదటి నవల వచ్చాక ఇంకో నలభై ఏళ్ళు ఆ పెద్దావిడ బతికే ఉండాలి కదా.

మా గ్రూప్‌లో దీని మీద మాట్లాడిన రోజు నేను మర్చిపోలేను. ఎక్కువమంది డెబ్బై దాటిన ఆడవాళ్ళు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నర్సుగా చేసిన ఒకావిడ, జుట్టు తెల్లబడ్డాక దుకాణాల్లో కూడా జనం నన్ను దాటుకుని వెనకవాళ్ళతో మాట్లాడతారు అని చెప్పారు. ఇంకొకావిడ వెంటనే, అవును, అందుకే ఇప్పుడు నాకు బస్సులో అందరి సంసారాలూ తెలుసు అన్నారు. అక్కడినుంచి గంట సేపు మేం పుస్తకం మూసేసి ఇదే మాట్లాడుకున్నాం. వేరే దేశం నుంచి వచ్చినదాన్ని కదా, చుట్టూ అందరూ మాట్లాడుతుంటే పక్కన నిలబడి వినడం అంటే ఏమిటో నాకూ బాగా తెలుసు. కొత్త చోట మనం ముందు నేర్చుకునే విద్య అదే, గమనించడం.

ఇప్పుడు రిచర్డ్ ఆస్మన్ అనే రచయిత దగ్గరికి వస్తాను. 2020లో వచ్చిన ఆయన నవల థర్స్‌డే మర్డర్ క్లబ్ గురించి చాలామంది వినే ఉంటారు, 2025లో సినిమాగా కూడా వచ్చింది. కూపర్స్ చేజ్ అనే రిటైర్మెంట్ విలేజ్‌లో నలుగురు పెద్దవాళ్ళు గురువారం గురువారం కలిసి, పోలీసులు తేల్చలేక వదిలేసిన కేసులు చూస్తుంటారు. గూఢచారిగా పనిచేసిన ఎలిజబెత్, నర్సు జాయిస్, సైకియాట్రిస్ట్ ఇబ్రహీం, యూనియన్ నాయకుడు రాన్. 1927లో మంగళవారం క్లబ్, ఇప్పుడు గురువారం క్లబ్, మళ్ళీ అదే సూత్రం: ముసలివాళ్ళని ఎవరు అనుమానిస్తారు? కాకపోతే ఆస్మన్ ఇంకో అడుగు ముందుకి వేశాడు. ఎలిజబెత్ భర్త స్టీఫెన్‌కి జ్ఞాపకశక్తి తగ్గిపోతూ ఉంటుంది. బొగ్డన్ అనే పోలండ్ కుర్రాడు, భవనాల పనులు చేసే దృఢమైన మనిషి, వచ్చి ఆయనతో చదరంగం ఆడుతుంటాడు. చాలా విషయాలు చేజారిపోతున్న ఆయనకి ఆట మాత్రం ఇంకా చేతిలోనే ఉంటుంది. ఆ అబ్బాయి జాలి చూపించడు, కావాలని ఓడిపోడు, ఎదురుగా కూర్చుని సరిగ్గా ఆడతాడు. ఆ పేజీల దగ్గర నేను ఆగిపోయాను, హత్య సంగతి కాసేపు బుర్రలోంచే వెళ్ళిపోయింది. తేలికైన పుస్తకాలు అనేవాళ్ళకి నేను ముందు చూపించేది ఇదే. ఈ సిరీస్ మాత్రం దయచేసి వరసలోనే చదవండి, నాలుగో పుస్తకం ముందు చదివితే మీకు మీరే అన్యాయం చేసుకున్నట్టు. మార్పుల్‌ని ఎక్కడినుంచి మొదలుపెట్టినా పర్వాలేదు.

సిరీస్ అన్నాను కదా, కోజీలకి ప్రాణం అదే. ఒక్క పుస్తకం చదివితే ఒక పజిల్ చదివినట్టు ఉంటుంది, ఐదారు చదివాక ఆ ఊళ్ళో మనకి ఒక ఇల్లు ఉన్నట్టు అనిపిస్తుంది. ఎం.సి. బీటన్ పేరుతో రాసిన మేరియన్ చెస్నీ ఈ పనిలో ఆరితేరిన మనిషి. స్కాట్లాండ్ కొండప్రాంతంలో హేమిష్ మక్బెత్ అనే కానిస్టేబుల్, 1985 నుంచి. కేసులన్నీ అతనే ఛేదిస్తాడు, కానీ ప్రమోషన్ ఇస్తే తన పల్లె వదిలి ఊరికి వెళ్ళాల్సి వస్తుందని ఆ పేరు పై అధికారికి వదిలేస్తుంటాడు. తనకి ఏది చాలో అతనికి అంత స్పష్టంగా తెలియడం నాకు ఎంత ఇష్టమో! ఆవిడదే ఇంకో సిరీస్, 1992లో మొదలైన అగాథా రైజిన్. అగాథా లండన్‌లో తన పీఆర్ కంపెనీ, అంటే ప్రచారం పనులు చూసే కంపెనీ, అమ్మేసి, చిన్నప్పటినుంచీ కలగన్న పల్లెకి వచ్చేస్తుంది. అక్కడ ఎవరూ ఆవిడని పట్టించుకోరు. నలుగురిలో కలవాలని వంటల పోటీకి వెళ్తుంది, వంట రాదు కాబట్టి దుకాణంలో కొన్నది తనదని పెడుతుంది, అది తిన్న జడ్జి చనిపోతాడు. కొత్త చోట మనల్ని కూడా ఒకరు పలకరిస్తే చాలు అని ఎదురుచూసినవాళ్ళు ఎవరైనా ఆ మొదటి అధ్యాయాలు చదివితే అగాథాని వెంటనే క్షమించేస్తారు.

చెస్నీ 2019 డిసెంబర్‌లో పోయారు. ఆ తర్వాత ఆర్.డబ్ల్యూ. గ్రీన్ ఈ సిరీస్‌లు కొనసాగిస్తున్నారు. దీని మీద మా గ్రూప్ రెండుగా చీలిపోయింది, రచయిత పోయాక పాత్రని వదిలేయాలని కొందరు, ఊరు ఉంది కదా, ఎవరో ఒకరు చూసుకోవాలని కొందరు. నేను రెండో పక్షం. క్రిస్టీ అయితే ఈ తగాదా లేకుండా ముందే జాగ్రత్తపడింది, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనే తన ఇద్దరు డిటెక్టివ్‌లు పాయ్‌రో, మార్పుల్‌ల కోసం ఆఖరున వచ్చేలా చెరో నవల రాసి దాచిపెట్టింది. పాయ్‌రోది 1975లో, మార్పుల్‌ది ఆవిడ పోయాక 1976లో బయటికి వచ్చాయి.

కేసులో హత్య లేకపోయినా ఫర్వాలేదు అనేవాళ్ళకి నేను అలెగ్జాండర్ మెకాల్ స్మిత్‌ని ఇస్తాను. ఆయన సిరీస్ 1998లో మొదలైంది, ఆఫ్రికాలోని బోట్స్వానా దేశంలో ప్రెషస్ రమోట్స్వే అనే ఆవిడ, తండ్రి వదిలివెళ్ళిన పశువులని అమ్మి డిటెక్టివ్ ఏజెన్సీ పెడుతుంది. తప్పిపోయిన భర్తలు, మోసం చేసే చుట్టాలు, ఇలాంటి కేసులు. ఆవిడ సెక్రటరీ గ్రేస్ మకూట్సీకి సెక్రటేరియల్ కాలేజ్ ఆఖరి పరీక్షలో 97 శాతం వచ్చింది, పుస్తకం తర్వాత పుస్తకం ఆ మాట ఎక్కడో అక్కడ వస్తుంది. మార్కుల విలువ తెలిసిన మనవాళ్ళకి గ్రేస్ పరాయిది అనిపించదు, ఆ 97 వెనక ఎంత పేదరికం, ఎంత పట్టుదల ఉన్నాయో మెల్లమెల్లగా తెలుస్తుంటే ఆ అంకె మీద గౌరవం పెరుగుతుంది.

పిల్లుల సిరీస్‌లు, బేకరీ సిరీస్‌లు, అల్లికల సిరీస్‌లు, అబ్బో, వీటికి లెక్క లేదు. వాటిలో లిలియన్ జాక్సన్ బ్రాన్ గురించి ఒక్క మాట చెప్పాలి. రెండు సయామీ పిల్లులున్న జర్నలిస్ట్ కథలు 1966 నుంచి 1968 దాకా మూడు వచ్చి ఆగిపోయాయి. పద్ధెనిమిదేళ్ళ తర్వాత, 1986లో, నాలుగోది వచ్చింది. ఆ తర్వాత ఆవిడ ఆగలేదు, మొత్తం 29 నవలలు.

మా గ్రూప్‌కి నాకు బాగా నచ్చిన ఒక పద్ధతి ఉంది. హంతకుడి పేరు మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేసుకుంటాం. ఆ తర్వాత అందరం వెనక్కి వెళ్తాం, ఆధారం ఏ పేజీలో ఉంది, మన కంటికి ఎలా కనబడకుండా పోయింది అని. రోనాల్డ్ నాక్స్ అనే ఆయన, రచయితే కాదు చర్చి ఫాదరు కూడా, 1929లోనే పది నియమాలు రాసిపెట్టాడు: హంతకుడు కథలో ముందే కనబడాలి, దెయ్యాలూ భూతాలూ రాకూడదు, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి. ఈ చివరిది పాటించడమే కష్టం. చూపించాలి, కానీ మనం చూడకూడదు. గదిలో ఉన్న వస్తువులన్నీ వరసగా చెప్పి అసలుదాన్ని మధ్యలో కలిపేయడం, ముఖ్యమైన మాట అన్న మరుక్షణమే ఎవరో తలుపు కొట్టడం, నోటి దురుసు మనిషి చేత నిజం చెప్పించడం. ఎక్కువసార్లు ఆధారం ఉండేది మనం గబగబా దాటేసిన పేజీలోనే, ఇల్లు తుడిచే ఆవిడో, డెలివరీ కుర్రాడో మాట్లాడిన దగ్గర. చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాం, మనం లెక్కలో వేసుకోని మనిషి దగ్గరికే.

అదిగో లైబ్రరీ వచ్చేసింది, త్వరగా ముగించాలి. ఈసారి పుస్తకం ఎంచుకునే వంతు నాది. వసీం ఖాన్ ఇన్‌స్పెక్టర్ చోప్రా సిరీస్ ఒకటి అనుకున్నాను. 2015లో మొదలైంది, ముంబైలో రిటైరైన పోలీసు, ఆయనకి వారసత్వంగా వచ్చిన ఏనుగు పిల్ల. ఆ ఏనుగు పిల్ల గురించి చెప్పగానే సగం మంది ఓటు వేసేస్తారని తెలుసు. రెండోది హరిణి నాగేంద్ర రాసిన బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్, 2022లో వచ్చింది, కథ జరిగేది 1921లో. డాక్టర్ భార్య కావేరి, లెక్కలంటే ప్రాణం, ఇంట్లోవాళ్ళు అంగీకరించని చదువు చాటుగా చదువుకుంటూ, చుట్టూ ఉన్న అందరినీ గమనిస్తుంటుంది. సంచిలో రెండూ ఉన్నాయి, కానీ నేను ముందు బయటికి తీసేది కావేరినే, ఎందుకంటే ఆ నర్సు గారు కావేరి గురించి ఏమంటారో నాకు వినాలని ఉంది.