మైక్ లేని గొంతు: ఒపేరా సొప్రానో కెరీర్ ఎలా మొదలవుతుంది?

[తెర మీద: విశాఖ పాతపట్నం, రాస్‌హిల్ చర్చికి ఎక్కే దారి]

నమస్తే. డిసెంబరు వచ్చిందంటే విశాఖ పాత పోస్టాఫీసు చుట్టుపక్కల క్వయర్లలో సొప్రానో, అంటే ఆడగొంతుల్లో అన్నిటికంటే పై స్థాయి, పాడే అమ్మాయిలకి క్షణం తీరిక ఉండదు. వాళ్లలో ఒకమ్మాయి "నేను ఒపేరా సింగర్ అవుతా" అంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, "దాంతో బతగ్గలవా?" అడగాల్సిన ప్రశ్నే. జవాబు కావాలంటే ముందు ఆ పనేమిటో తెలియాలి.

ఒపేరా అంటే ఆర్కెస్ట్రాతో కథని పాడుతూ నటించే పాశ్చాత్య సంగీత నాటకం. అందులో మామూలుగా మైక్ వాడరు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో సుమారు 3,800 సీట్లు. స్టేజీ ముందు పల్లంలో నిండుగా ఆర్కెస్ట్రా. దాన్ని దాటుకుని చివరి వరసకి గొంతొక్కటే చేరాలి. మైకులు రాకముందు మన పద్యనాటకాల్లో రాగం తీసిన నటులు ఎరిగిన కష్టమే ఇది. కాకపోతే వాళ్ల వెనక ఉన్నది ఒక్క హార్మోనియం.

[తెర మీద: నోరు, గొంతు లోపలి బొమ్మ. పక్కన శ్రుతిని చూపే గీత పైకి వెళ్తూ ఉంటుంది]

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ఒక్కో అచ్చుకి మన నోరు ఒక్కో చోట బాగా మోగుతుంది. "ఈ", "ఊ" పలికేటప్పుడు మొదటి మోత సుమారు 300 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. "ఆ"కి 700, 800 దాకా వెళ్తుంది. సొప్రానో పాడే హై సీ స్వరం 1,000 హెర్ట్జ్ పైమాటే. అంటే స్వరం ఆ మోతని దాటిపోతుంది. అలా వదిలేస్తే గొంతు పలచబడుతుంది. అందుకని గాయని దవడ కిందికి వదిలి, నోరు ఇంకా తెరిచి, మోతని స్వరం దగ్గరికి తీసుకొస్తుంది. 2004లో సిడ్నీ శాస్త్రవేత్తలు దీన్ని సొప్రానోల మీద కొలిచి చూపించారు. అరవకుండానే హాలు నిండడానికి ఇదొక ముఖ్య కారణం. అయితే నోరు అంతగా తెరిచాక "ఈ", "ఊ" కూడా "ఆ"లాగే వినపడతాయి. పై స్థాయిలో మాటలు అర్థం కాకపోతే గాయని ఉచ్చారణని తప్పుపట్టకండి.

ఇది ఒంటికి పట్టడానికి ఏళ్లు కావాలి. పైగా గొంతు 20ల చివరిదాకా ముదురుతూనే ఉంటుంది. మోట్సార్ట్ రాసిన సుసానా లాంటి తేలికపాటి పాత్రతో మొదలుపెట్టిన అమ్మాయి, పుచ్చీని తూరాందోత్ లాంటి బరువైన పాత్రకి తొందరపడితే గొంతు దెబ్బతినే ప్రమాదం ఉంది. నా ఉద్దేశంలో ఈ కెరీర్‌లో అసలు పరీక్ష పై స్వరం అందుకోవడం కాదు, గొంతు సిద్ధమయ్యేదాకా డబ్బుతో, ఓపికతో నిలబడడం.

[తెర మీద: దక్షిణాఫ్రికా పటం, పీట్ రెటీఫ్ అనే చిన్న ఊరు]

దక్షిణాఫ్రికా సొప్రానో ప్రిటీ యెండేని చూడండి. చర్చిలో పాడుతూ పెరిగిన అమ్మాయి. 16 ఏళ్లప్పుడు టీవీలో ఒక విమాన సంస్థ ప్రకటనలో "లక్మే" ఒపేరాలోని యుగళగీతం విన్నది. (ఆ ఒపేరా కథ జరిగేది మన దేశంలోనే!) తర్వాత కేప్‌టౌన్‌లో చదువు, మిలాన్‌లో లా స్కాలా ఒపేరా హౌస్ అకాడమీలో శిక్షణ. 2011లో ఒపేరాలియా అనే అంతర్జాతీయ ఒపేరా గాయకుల పోటీ గెలిచింది. 2013 జనవరిలో మెట్రోపాలిటన్‌లో వేరే గాయని తప్పుకోవడంతో అవకాశం వచ్చింది. స్టేజీ మీదకి వస్తూ తూలి పడింది, లేచి పాడింది. అప్పటికి ఆమెకి 27. ఒపేరా ప్రపంచంలో అది చిన్న వయసు.

డిగ్రీ తర్వాత చాలామంది యంగ్ ఆర్టిస్ట్ ప్రోగ్రాముల్లో, అంటే ఒపేరా సంస్థలు కొత్త గాయకులకి ఇచ్చే శిక్షణలో, చేరతారు. చిన్న పాత్రలు ఇస్తారు, పెద్ద పాత్రలకి "కవర్"గా పెడతారు. అంటే పాత్రంతా నేర్చుకుని, పిలుపు వస్తుందో రాదో తెలియకుండా సిద్ధంగా ఉండడం. టెన్షన్ మామూలుగా ఉండదు. ఫ్రీలాన్సర్లకి ఎక్కువగా ప్రదర్శనకి ఇంత అని ఇస్తారు. జలుబు చేసి పాడలేకపోతే ఆ రోజు ఆదాయం పోయినట్టే. నెల జీతం కావాలనుకునేవాళ్లు జర్మనీ వైపు చూస్తారు. అక్కడ ప్రభుత్వ సాయంతో నడిచే ఒపేరా హౌస్‌లు 80 దాకా ఉన్నాయి. చాలావాటిలో గాయకుల్ని ఏడాది పొడవునా ఉద్యోగంలో ఉంచుకుంటారు.

మన దేశం నుంచి ఈ దారిలో వెళ్లినవాళ్లు లేకపోలేదు. ముంబైలో పుట్టిన పట్రీషియా రోజారియో లండన్‌లో గిల్డ్‌హాల్ సంగీత కళాశాలలో చదివి అంతర్జాతీయ సొప్రానో అయ్యారు. 2016లో ముంబై రాయల్ ఒపేరా హౌస్ మళ్లీ తెరిచినప్పుడు పాడింది ఆవిడే.

[తెర మీద: సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం]

విశాఖలో ఒపేరా హౌస్ లేదు. అయినా 17 ఏళ్ల అమ్మాయికి ఇక్కడ చేయాల్సిన పని చాలా ఉంది. స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య సంగీతాన్ని అయిదు గీతల మీద రాసే పద్ధతి), పియానో మొదలుపెట్టాలి, లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే సంగీత గ్రేడ్ పరీక్షలు రాయొచ్చు, ఇటాలియన్, జర్మన్ ఇప్పటినుంచే నేర్చుకోవాలి. కర్ణాటక సంగీతం వచ్చి ఉంటే చెవి, లయ సిద్ధంగా ఉన్నట్టే. గొంతు వదిలే పద్ధతి మాత్రం మొదటినుంచి నేర్చుకోవాలి. దాన్ని వీడియోలు చూసి, నా వీడియోతో సహా, సొంతంగా సాధన చేయొద్దు. ఆన్‌లైన్‌లోనైనా సరే, ఒక గురువు వినాలి. విదేశీ కాలేజీలు చాలావరకు ముందు రికార్డింగ్ అడుగుతాయి. అందులో ఎకో, ఎడిటింగ్ పెట్టకండి. వాళ్లు వినాలనుకునేది మీ గొంతు ఇప్పుడు ఎలా ఉందో అదే.