నాలుగు పుస్తకాలొచ్చాయి, నాలుగూ వెనక నుంచే చదివాను

హాయ్ అండీ, బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, ఈ టేబుల్ మీదున్న నాలుగు పుస్తకాలూ నేను కొన్నవి కాదు. పబ్లిషర్ ఫ్రీగా పంపారు. డబ్బులైతే ఇవ్వలేదు, ఈ వీడియో వాళ్లకి ముందుగా చూపించనూ లేదు. ఆటిజం మీద ఒకటి, సోషల్ వర్క్ మీద ఒకటి, మానసిక ఆరోగ్యం మీద ఒకటి, చివరి రోజుల సంరక్షణ మీద ఒకటి. పేర్లు, పేజీల లెక్క అన్నీ డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. మీలో చాలామంది అవి ఇప్పటికే చూసుంటారు, మళ్లీ చదివి విసిగించను.

ఇలాంటి పుస్తకం చేతికొస్తే నేను ముందుమాట చదవను. తిరగేసి వెనక పేజీలు తీస్తా. ఇండెక్స్! అంటే ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక. నవ్వకండి, ఎందుకో చెప్తా.

మా నాన్న చివరి వారం ఇంట్లోనే ఉన్నారు. ఒక రాత్రి రెండున్నరకి ఆయన గొంతులోంచి గురగురమని శబ్దం మొదలైంది. ఆపకుండా. అప్పుడు నా దగ్గర పాలియేటివ్ కేర్, అంటే నయంకాని జబ్బులో బాధ తగ్గించే సంరక్షణ, దాని మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది, అందరూ మంచిదని చెప్పిందే. ఇండెక్స్‌లో ‘నాయిస్’ వెతికా, లేదు. ‘రాటిల్’ లేదు. ‘త్రోట్’ ఉంది, తీస్తే గొంతు క్యాన్సర్ చాప్టర్. ఒక చేత్తో టార్చ్, ఇంకో చేత్తో పుస్తకం, పక్కన అక్క ఏడుస్తోంది. ఊపిరాడక అల్లాడిపోతున్నారనే అనుకున్నాం ఇద్దరం.

జవాబు ఆ పుస్తకంలోనే ఉందండీ! కొన్ని వారాల తర్వాత ఊరికే తిరగేస్తుంటే కనపడింది, ‘రెస్పిరేటరీ సెక్రీషన్స్’ అని. ఆ దశలో దగ్గడానికీ మింగడానికీ ఓపిక ఉండదు. లాలాజలం, కఫం గొంతులో నిలిచిపోతే వాటి మీదుగా గాలి వెళ్లి శబ్దం వస్తుంది. చాలావరకు ఆ మనిషికి ఆ సంగతే తెలీదు, వినేవాళ్లకే నరకం. పక్కకి తిప్పి పడుకోబెడితే కొంత తగ్గొచ్చు. ఇంతే. నాలుగు ముక్కలు. ఆ రాత్రి దొరికుంటే మేమిద్దరం ఆయన చెయ్యి పట్టుకుని కూర్చునేవాళ్లం.

అందుకే చివరి రోజుల పుస్తకం తీయగానే అదే వెతికా. ‘రాటిల్’ ఉంది, ‘గర్గ్లింగ్’ ఉంది, ‘నాయిసీ బ్రీతింగ్’ కూడా ఉంది, మూడింటికీ నేరుగా పేజీ నంబరే. ‘ఫలానాది చూడుము’ అని ఇంకో చోటికి తరమలేదు. ఇంకోటి చూడండి. శ్వాస కాసేపు ఆగిపోవడం, మళ్లీ మొదలై పెద్దదవడం, మళ్లీ ఆగడం, దీన్ని చైన్ స్టోక్స్ బ్రీతింగ్ అంటారు. 1818లో ఒక డాక్టరు, 1854లో ఇంకో డాక్టరు వర్ణించారు కాబట్టి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. సరే, గౌరవమే. కానీ అర్ధరాత్రి మంచం పక్కన కూర్చున్నవాడికి ఆ పేర్లెలా తడతాయండీ? ఇందులో ‘పాజెస్ ఇన్ బ్రీతింగ్’ అని పెట్టారు. ‘నాట్ ఈటింగ్’ అని కూడా ఉంది. తినకపోవడం వల్ల పోవట్లేదు, పోయే దశలో ఒంటికి తిండి అక్కర్లేకుండా పోతోంది అని ఆ పేజీలో ఎంత నెమ్మదిగా చెప్పారో!

మొదటి చాప్టర్ సిసిలీ సాండర్స్ గురించి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే చివరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే చోటు, పెట్టినావిడ. ఆవిడ ముందు నర్సు, తర్వాత ఆసుపత్రి సోషల్ వర్కరు, ఆ తర్వాతే డాక్టరు. నొప్పంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదు, మనసుదీ ఇంటిదీ ఆత్మదీ కలిపి చూడాలన్నది ఆవిడే. అది చదివి సోషల్ వర్క్ పుస్తకం తీశానా, ఇండెక్స్‌లో ‘డెత్’ అన్న మాటే లేదు! ‘డేటా ప్రొటెక్షన్’ ఉంది, ‘డెడ్‌లైన్స్’ ఉంది, అది మాత్రం లేదు. పక్కన పెట్టేశా. మిగతాది బాగుండొచ్చు, నాకు మనసు రాలేదు.

మానసిక ఆరోగ్యం పుస్తకం మీద చిరాకు వేరే. దుఃఖానికి అయిదు మెట్లు అని బొమ్మేసి మరీ చూపించారు, కోపం వాటిలో రెండోది. కూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ఆ దశలు చెప్పింది చావుకి దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి. దాన్ని తెచ్చి, మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి టైమ్‌టేబుల్‌లా అంటిస్తే ఎలా? మా అక్కకి కోపం మొదటి వర్ధంతి అయ్యాక వచ్చింది. బొమ్మ ప్రకారం ఆవిడ ఫెయిల్ అన్నమాట.

ఆటిజం పుస్తకం బాగా రాశారు, ఒప్పుకుంటా. 1943లో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన దగ్గర్నుంచి, తల్లులు ప్రేమ చూపించకపోవడం వల్లే వస్తుందని ఏళ్లతరబడి వాళ్లమీద వేసిన నింద దాకా ఏదీ దాచలేదు. డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లో చెప్పిన ‘డబుల్ ఎంపథీ’ కూడా ఉంది. ఆయనా ఆటిస్టిక్కే. అర్థం కాకపోవడం ఒకవైపే లేదు, ఆటిజం ఉన్నవాళ్లు మిగతావాళ్లకీ అర్థం కావట్లేదు కదా అంటారు. అయితే ఇండెక్స్‌కి వస్తే, ‘బిహేవియర్’ కింద ఒక కాలమ్ నిండా ఉంది, ‘అడల్ట్స్’ కి ఒకే ఒక్క పేజీ నంబరు. పిల్లలు పెద్దవాళ్లవరా?

మొత్తానికి నా షెల్ఫ్‌లో ఉండేది చివరి రోజుల పుస్తకమే. అట్ట పల్చన, అచ్చు చిన్నది, అయినా సరే. ఒక్క లోపం ఉంది. చూసుకునేవాళ్లు వంతులేసుకుని నిద్రపోవాలని 212వ పేజీలో చక్కగా రాశారు, ఇండెక్స్‌లో మాత్రం మర్చిపోయారు. నేను పెన్సిల్‌తో రాసుకున్నా, ఇదిగో, కనిపిస్తోందా? ‘స్లీప్, 212’. మీరు తీసుకుంటే మీరూ రాసేసుకోండి.